ఏ కండ ముందు, ఏ కండ తర్వాత? జిమ్‌లో వరుస ఎంచుకునే పద్ధతి

జిమ్‌లో చేరిన కొత్తలో అందరూ అడిగేది ఏ ఎక్సర్‌సైజ్ చెయ్యాలి, ఎన్ని సెట్లు చెయ్యాలి అని. ఏది ముందు చెయ్యాలి అని అడిగేవాళ్ళు తక్కువ. ఏ మెషీన్ ఖాళీగా ఉంటే దాని మీద కూర్చుంటారు, లేదంటే పక్కనున్న అన్న ఏది చేస్తుంటే అది చేస్తారు. వారం పది రోజులకైతే ఫరవాలేదు. ఆర్నెల్లు అలాగే గడిస్తే ఒంట్లో తేడా తెలిసిపోతుంది. మొదట చేసినవి ముందుకు పోయి ఉంటాయి, చివరికి నెట్టినవి ఎక్కడివక్కడే ఉంటాయి. కర్నూలు జిమ్‌లలో సాయంత్రం బ్యాచ్‌కు వచ్చే కుర్రాళ్ళలో ఛాతీ, చేతులు బాగా ఉండి కాళ్ళు సన్నగా ఉండేవాళ్ళు ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే. వాళ్ళు కష్టపడటం లేదని కాదు, కష్టమంతా ముందు రెండు కండలకే పోతోంది.

అసలు సంగతి అలసట. ఒంట్లో ఓపిక, తలలో శ్రద్ధ మొదటి ఇరవై ముప్పై నిమిషాల్లో ఉన్నంతగా తర్వాత ఉండవు. ఒకరు తాజాగా ఉన్నప్పుడు 40 కిలోలతో బెంచ్ ప్రెస్ (బెంచ్ మీద పడుకుని రాడ్‌ను ఛాతీ మీద నుంచి పైకి నెట్టడం) మూడు సెట్లు వేస్తే 10, 9, 8 రెప్స్ వస్తాయనుకుందాం. ఆగకుండా వరసగా ఎత్తితే అది ఒక సెట్టు, అందులో ఒక్కోసారి ఎత్తడం ఒక రెప్. అదే మనిషి ముందుగా ట్రైసెప్స్ (మోచేతికి పైన, చేతి వెనక వైపు కండ) నాలుగు సెట్లు చేసి వస్తే అదే బరువు 7, 6, 5 దగ్గర ఆగిపోవచ్చు. ఛాతీ బలం తగ్గిందని కాదు. రాడ్‌ను పైకి నెట్టి మోచేతులు చాపే చివరి సగంలో పని ఎక్కువగా ట్రైసెప్స్‌ది, అవి అప్పటికే అయిపోయాయి. రాడ్ ఛాతీ మీద నుంచి బాగానే లేస్తుంది, సగం దాకా వచ్చి అక్కడ వణుకుతూ నిలబడిపోతుంది. ఒక్క రోజులో ఛాతీకి తొమ్మిది రెప్స్ పని పోయినట్టే.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ కోసం ఇచ్చిన సూచనల్లో పెద్ద కండలు ముందు, చిన్నవి తర్వాత అని చెప్పింది. రెండు మూడు కీళ్ళు కలిసి కదిలే ఎక్సర్‌సైజులు ముందు, ఒకే కీలు కదిలేవి తర్వాత అని కూడా చెప్పింది. మన దగ్గర మాస్టర్లు చెప్పేదీ దాదాపు ఇదే. ఆ తర్వాతి పరిశోధనలను కలిపి చూసినప్పుడు ఇంకో సంగతి తేలింది. బలం విషయంలో ఏది ముందు చేస్తే అదే ఎక్కువ పెరుగుతుంది, అది చిన్న కండ అయినా సరే. కండ సైజు విషయంలో మాత్రం వరుస అటూ ఇటూ మార్చినా పెద్ద తేడా కనిపించలేదు.

ఇది చదివి ‘అయితే ఇంక వరుసతో పనేముంది’ అనుకోకండి. పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళ చేత చివరి సెట్టు దాకా పక్కన నిలబడి చేయిస్తారు. మనకు అట్లా ఎవరు చేయిస్తారు? ఏడున్నరకు ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, కరెంటు పోయి ఫ్యాన్లు ఆగుతాయి, ఫ్రెండు బ్యాగ్ సర్దుకుని ‘పోదాం పా’ అంటాడు. ఎగిరిపోయేవి ఎప్పుడూ చివరి రెండు ఎక్సర్‌సైజులే. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: మీకు ఏది ఎక్కువ కావాలో, ఏది వెనకబడి ఉందో దాన్ని ముందు పెట్టండి. భద్రత కోసం ఈ మాటను పక్కన పెట్టాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి, అవి వచ్చినప్పుడు చెప్తాను.

పెద్దవి ముందా, చిన్నవి ముందా

చేరి ఏడాది కానివాళ్ళకు ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. పెద్దవి ముందు. స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్, రోయింగ్ (బరువును ఒంటి వైపు లాగడం), లాట్ పుల్‌డౌన్ (పైనున్న రాడ్‌ను కిందికి లాగడం), షోల్డర్ ప్రెస్ (బరువును భుజాల నుంచి తల పైకి నెట్టడం) లాంటివి అయ్యాకే బైసెప్స్ (చేతి ముందు వైపు కండ), ట్రైసెప్స్, కాఫ్స్ (పిక్కలు).

ఎందుకో చూడాలంటే ముందు బైసెప్స్ కర్ల్స్ (మోచెయ్యి మడిచి బరువు ఎత్తడం) కొట్టి తర్వాత లాట్ పుల్‌డౌన్‌కు వచ్చిన కుర్రాణ్ణి ఒకసారి గమనించండి. మొదటి మూడు రెప్స్ బాగానే లాగుతాడు. నాలుగోదానికి మణికట్టు లోపలికి వంగిపోతుంది. ఆరోదానికి వేళ్ళు తెరుచుకుని రాడ్ అరచేతిలోంచి వేళ్ళ చివరికి జారుతుంది. అప్పుడు నడుమును వెనక్కి ఊపి, ఒళ్ళంతా బరువేసి కిందికి లాగుతాడు. వీపుకు ఇంకా బోలెడు ఓపిక ఉంది, చేతులే వదిలేశాయి. అట్లా నెలల తరబడి చేస్తే బ్యాక్ డే అన్న పేరే గానీ ఆ రోజు పనంతా ముంజేతులకే పోతుంది. డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్‌ను పట్టుకుని నిటారుగా లేవడం) ఉన్న రోజు ముందుగా ముంజేతుల ఎక్సర్‌సైజులు చెయ్యొద్దనడానికి కారణం కూడా ఇదే. అక్కడ పట్టు జారితే రెప్ పోవడంతో ఆగదు, రాడ్ కాళ్ళ మీదికే వస్తుంది.

మరి చిన్నవి ముందు పెట్టడం ఎప్పుడు మంచిది? ఏడాది రెండేళ్ళుగా చేస్తూ, ఛాతీ, వీపు బాగా వచ్చి చేతులు మాత్రమే వెనకబడినవాళ్ళకు. వారంలో ఒక రోజు చేతులకు కేటాయించి, ఆ రోజు బైసెప్స్, ట్రైసెప్స్ మొదట పెట్టుకోవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా చేసి చూడండి. ఆ రోజు బెంచ్, రోయింగ్ లాంటివి ఉంటే బరువు తగ్గించి చేసుకోవాలి. పాత బరువే ఎత్తాలని పంతం పట్టకూడదు.

కాఫ్స్ గురించి ప్రత్యేకంగా ఒక మాట. అందరూ చివర్లో పెట్టి అందరూ వదిలేసే కండ ఇది. బెంచ్ లేదా షోల్డర్ సెట్ల మధ్య రెస్ట్‌లో నిలబడి కాఫ్ రైజులు (మడమలు పైకెత్తడం) చేసుకుంటే వేరే టైమ్ అక్కర్లేదు, పైభాగం పని కూడా చెడదు.

కాళ్ళు ముందా, పైభాగం ముందా

వారానికి మూడు రోజులు, ప్రతి రోజూ ఒళ్ళంతా చేసేవాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ వచ్చే ప్రశ్న ఇది. మామూలుగా అయితే నేను కాళ్ళ వైపే ఉంటాను. స్క్వాట్‌కు గాలి ఎక్కువ కావాలి, నడుము నిలకడ కావాలి, భయం లేకుండా కిందికి కూర్చునే ధైర్యం కావాలి. ఇవన్నీ వచ్చిన కొత్తలో ఉంటాయి, గంట గడిచాక ఉండవు. బెంచ్ ప్రెస్‌ను కాళ్ళు అయ్యాక కూడా చెయ్యగలం, రెప్స్ ఒకటో రెండో తగ్గుతాయి. స్క్వాట్‌ను చివరికి నెడితే ముందు లోతు తగ్గుతుంది, తర్వాత బరువు తగ్గుతుంది, ఆ తర్వాత స్క్వాటే పోతుంది.

పోటీల్లో వరుస చూసినా ఒక విషయం తెలుస్తుంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో ముందు స్నాచ్, తర్వాతే క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, అక్కడి నుంచి తల పైకి). మన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచినప్పుడు ముందు స్నాచ్‌లో 110 కిలోలు, తర్వాత క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 ఎత్తారు. స్నాచ్‌లో బరువు తక్కువే, కానీ ఒకే ఊపులో నేల మీద నుంచి తల పైకి తీసుకెళ్ళాలి. వేగం, నేర్పు ఎక్కువ కావాలి. పవర్‌లిఫ్టింగ్‌లో అయితే స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్, ఈ వరుసలోనే జరుగుతుంది. జిల్లా పోటీలకైనా వెళ్ళాలనుకునేవాళ్ళు వారంలో ఒక్క రోజైనా ఈ వరుసలోనే చేసుకోవాలి. స్క్వాట్ అయిపోయిన కాళ్ళతో డెడ్‌లిఫ్ట్ ఎలా ఉంటుందో పోటీ రోజున తెలుసుకోవడం కన్నా ముందే తెలిసి ఉండాలి కదా.

మన జిమ్‌లలో బాగా తిరిగే మాట ఇంకోటి ఉంది. కాళ్ళు ముందు చేస్తే హార్మోన్లు పెరుగుతాయి, వాటితో చేతులు కూడా పెరుగుతాయి అని. భారీ ఎక్సర్‌సైజ్ తర్వాత టెస్టోస్టెరాన్ లాంటి హార్మోన్లు కాసేపు పెరగడం నిజమే. ఆ కాసేపటి పెరుగుదల కండ పెరగడంలో పెద్దగా లెక్కలోకి రాదని తర్వాతి పరిశోధనలు చెప్తున్నాయి. కాళ్ళు ముందు చెయ్యడానికి మంచి కారణాలు చాలానే ఉన్నాయి, ఇది మాత్రం వాటిలో లేదు.

పైభాగం ముందు పెట్టాల్సినవాళ్ళూ ఉన్నారు. వన్ టౌన్ బట్టల షాపుల్లో పొద్దున పది నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేసే కుర్రాడు తొమ్మిదికి జిమ్‌కు వస్తే వాడి కాళ్ళు తాజాగా లేవు, అప్పటికే ఒక షిఫ్టు చేసి వచ్చాయి. అట్లాంటివాళ్ళు మామూలు రోజుల్లో పైభాగంతో మొదలుపెట్టి, కాళ్ళకు సెలవు రోజు పొద్దునో, షాపుకు పోయే ముందో టైమ్ చూసుకోవడం మంచిది. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దవాళ్ళకు ఇంకో దారి ఉంది. సైకిల్ మీద అయిదు నిమిషాలు, తేలిక బరువుతో లెగ్ కర్ల్ (మెషీన్ మీద మోకాలు మడవడం), లెగ్ ఎక్స్‌టెన్షన్ (మోకాలు చాపడం) ఒక్కో సెట్టు చేసి, మోకాలు వేడెక్కాక కుర్చీ స్క్వాట్‌కు దిగాలి. అరవై దాటినవాళ్ళు ఒంటికాలి మీద నిలబడే బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు ఉంటే మొట్టమొదట అవే చెయ్యాలి. అలిసిపోయిన కాళ్ళతో బ్యాలెన్స్ చేస్తే పడిపోయే ప్రమాదం ఉంటుంది. వాళ్ళ విషయంలో ఇంక వేరే లెక్కలేవీ చూడొద్దు.

పొద్దున బ్యాచ్‌వాళ్ళకు ఒక జాగ్రత్త. ఉగ్గాని బజ్జీ తిని గంట కూడా కాకుండా స్క్వాట్‌కు దిగితే కడుపులో తిప్పుతుంది. ఆ రోజు తినే వచ్చామంటే పైభాగంతో మొదలుపెట్టి కాళ్ళను వెనక్కి జరపండి, లేదంటే ఒక అరటిపండుతో వచ్చి టిఫిన్ తర్వాత చెయ్యండి.

చెస్ట్‌తో ట్రైసెప్సా, బైసెప్సా

రోజుకు రెండు కండలు చేసేవాళ్ళకు ఇది వరుస ప్రశ్నే, కాకపోతే కొంచెం దాగి ఉంటుంది.

చెస్ట్, ట్రైసెప్స్ ఒకే రోజు పెట్టుకుంటే చెస్ట్ ముందు చెయ్యక తప్పదు. ట్రైసెప్స్‌కు వచ్చేసరికి అవి బెంచ్‌లోనే సగం పని చేసి ఉంటాయి. కాబట్టి నాలుగు ఎక్సర్‌సైజులు అక్కర్లేదు, రెండు చాలు. టైమ్ తక్కువ ఉన్నవాళ్ళకు ఇది బాగుంటుంది. మరుసటి రోజు బ్యాక్, బైసెప్స్ చేసుకుంటే ఏదీ దేనికీ అడ్డం రాదు.

చెస్ట్, బైసెప్స్ ఒకే రోజు పెట్టుకుంటే బైసెప్స్ తాజాగా ఉంటాయి, ఎక్కువ బరువు ఎత్తొచ్చు. ఆ రోజు వరుసతో కూడా పెద్ద పట్టింపు లేదు, ఏది ముందు చేసినా రెండోదానికి నష్టం తక్కువ. కానీ మరుసటి రోజే బ్యాక్ పెట్టుకున్నారంటే చిక్కు వస్తుంది. నొప్పిగా ఉన్న బైసెప్స్‌తో రోయింగ్ సరిగా రాదు. మధ్యలో కాళ్ళ రోజు పెట్టగలిగితేనే ఈ పద్ధతి ఎంచుకోండి. లేకపోతే మొదటిదే మేలు. కొత్తవాళ్ళకైతే రెండో ఆలోచన లేకుండా మొదటిదే చెప్తాను.

షోల్డర్ విషయంలో చాలామంది ఒకటి మర్చిపోతారు. బెంచ్‌లో భుజం ముందు భాగం బాగా పనిచేస్తుంది, పక్క భాగం, వెనక భాగం దాదాపు ఖాళీగా ఉంటాయి. చెస్ట్ తర్వాత షోల్డర్ చేసేవాళ్ళు మళ్ళీ ఫ్రంట్ రైజ్ (చేతులు ముందుకు ఎత్తడం) చెయ్యనక్కర్లేదు. లాటరల్ రైజ్ (చేతులు పక్కలకు ఎత్తడం), వెనక భుజం ఎక్సర్‌సైజులకు వెళ్ళండి. భుజాలే వెనకబడ్డాయనుకుంటే షోల్డర్ ప్రెస్‌ను బెంచ్ కంటే ముందుకు తీసుకురండి, బెంచ్‌లో కొంత బరువు తగ్గుతుందని ముందే ఒప్పుకోండి.

ముందే అలిసేలా చేసే పద్ధతి

పెక్ డెక్ మెషీన్ లేదా డంబెల్ ఫ్లై (రెండూ చాపిన చేతుల్ని ఛాతీ ముందు కలిపేవే) చేసి ఛాతీని ముందే అలిసేలా చేసి తర్వాత బెంచ్‌కు రావడం, లెగ్ ఎక్స్‌టెన్షన్ చేసి స్క్వాట్‌కు రావడం, ఇవి కొందరు సీనియర్లు చెప్పే పద్ధతులు. బెంచ్ చేస్తే ఛాతీలో ఏమీ తెలియడం లేదు, అంతా చేతుల్లోకే పోతోంది అనేవాళ్ళకు ఇది పనికొస్తుందని వాళ్ళు చెప్తారు. ఛాతీలో మంట బాగా తెలుస్తుంది, అది నిజం. కానీ మంట తెలిసినంత మాత్రాన కండకు ఎక్కువ లాభం వచ్చినట్టు కాదు. అలిసిన ఛాతీకి సాయంగా చేతులే ఇంకా ఎక్కువ పని చెయ్యాల్సి రావచ్చు, బరువు ఎలాగూ తగ్గుతుంది. దీనితో ఒక్క లాభం మాత్రం కచ్చితంగా ఉంది. భుజం నొప్పితో భారీ బరువు ఎత్తలేనివాళ్ళు, ఇలా చేసుకుని తక్కువ బరువుతోనే కష్టమైన సెట్టు చెయ్యొచ్చు. మెషీన్ మీద చెయ్యండి. అలిసిన తొడలతో భుజాల మీద రాడ్ పెట్టుకుని స్క్వాట్‌కు మాత్రం వెళ్ళొద్దు, లెగ్ ప్రెస్‌తో (మెషీన్ మీద కూర్చుని బరువును కాళ్ళతో నెట్టడం) సరిపెట్టుకోండి.

ఒకటి తోస్తూ, ఒకటి లాగుతూ

చెస్ట్ ఒక సెట్టు, వెంటనే బ్యాక్ ఒక సెట్టు, ఇలా మార్చి మార్చి చేసే పద్ధతి నాకు బాగా ఇష్టం. ఒకటి పనిచేస్తుంటే ఇంకోటి రెస్ట్‌లో ఉంటుంది. గంటంపావు పట్టే పని ముప్పావు గంటలో అయిపోతుంది. ఏది ముందు అనే గొడవ కూడా సగం తగ్గుతుంది, రెండూ సమానంగా తాజాగా ఉంటాయి కాబట్టి.

చిక్కల్లా సాయంత్రం రద్దీతోనే. ఆరు నుంచి ఎనిమిది మధ్య బెంచ్ దగ్గర ముగ్గురు నిలబడి ఉంటారు. ‘అన్నా, ఇంకా ఎన్ని సెట్లుండాయి?’ అని అడుగుతుంటే రెండు మెషీన్లు మీ ఒక్కరికే పట్టిపెట్టుకోవడం మర్యాద కాదు, కుదరదు కూడా. దీనికి సులువైన ఉపాయం ఉంది. ఒక ఖాళీ బెంచ్, ఒక జత డంబెల్స్ తీసుకోండి. పడుకుని డంబెల్ ప్రెస్, లేచి అదే బెంచ్ మీద ఒక మోకాలు, ఒక చెయ్యి ఆనించి డంబెల్ రోయింగ్. చోటు కదలక్కర్లేదు. బరువు రెండింటికీ ఒకటే ఉండాల్సి వస్తుంది, రోయింగ్‌కు కొంచెం తేలికనిపిస్తే రెప్స్ పెంచుకోండి.

బాగా బరువైన సెట్లకు, అంటే అయిదారు రెప్స్‌కు మించి రాని బరువులకు, ఈ పద్ధతి వద్దు. అక్కడ ఒక్కో సెట్టుకు రెండు మూడు నిమిషాల రెస్ట్ ఇచ్చి ఒకటి పూర్తిగా అయ్యాకే ఇంకోదానికి పోవాలి.

ఆబ్స్ (పొట్ట కండలు) ఎప్పుడు? చివర్లో. లేదంటే బరువులు లేని రోజు. ముందు ప్లాంకులు, లెగ్ రైజులు చేసి నడుము చుట్టూ ఉన్న కండల్ని అలిసేలా చేసుకుని స్క్వాట్‌కో, డెడ్‌లిఫ్ట్‌కో వెళ్తే వెన్నెముకకు ఉండాల్సిన ఆసరా తగ్గుతుంది. మీకు ఆబ్స్ అంటే ఎంత ఇష్టమున్నా, అవి ఎంత వెనకబడినా ఆ రెండు ఎక్సర్‌సైజులు ఉన్న రోజు ముందు పెట్టొద్దు. వేడెక్కడానికి తేలికగా ఒక సెట్టు చేస్తే తప్పు లేదు.

పరుగు ముందా, బరువులు ముందా

బరువు తగ్గాలని వచ్చేవాళ్ళు ట్రెడ్‌మిల్ మీద నలభై నిమిషాలు పరిగెత్తి, తర్వాత రెండు మెషీన్లు తిప్పి వెళ్ళిపోతారు. కొవ్వు తగ్గడానికి ఆ వరుసే కావాలని ఏమీ లేదు. వారం మొత్తం మీద ఎంత కదిలారు, ఎంత తిన్నారు అన్నదే కొవ్వు సంగతి తేలుస్తుంది. బరువు తగ్గేటప్పుడు కండ పోకుండా చూసుకోవాలి, అందుకు బరువులు ముందు, కార్డియో (పరుగు, నడక, సైకిల్ లాంటివి) తర్వాత. మొదట్లో అయిదు నుంచి పది నిమిషాలు వార్మప్‌గా నడిస్తే చాలు.

పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్ళ లెక్క వేరు. కానిస్టేబుల్, ఎస్సై పరీక్షల్లో 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ ఉంటాయి. అక్కడ ఎవరూ మీ బెంచ్ ఎంత అని అడగరు. అవుట్‌డోర్ స్టేడియంలో పొద్దున్నే పరిగెత్తే పిల్లల్లో కొందరు ముందు రోజు సాయంత్రం కాళ్ళ మీద భారీగా చేసి, తెల్లారి ట్రాక్ మీద బరువెక్కిన తొడలతో ఈడుస్తుంటారు. వీళ్ళకు పరుగు, దూకడం ముందు, జిమ్ తర్వాత. వేగంగా పరిగెత్తే రోజు సాయంత్రమే కాళ్ళ జిమ్ కూడా పెట్టుకుని, మరుసటి రోజు తేలికగా ఉంచుకోవడం నాకు సరైనదనిపిస్తుంది. కష్టమంతా ఒక రోజులో సర్దుకుంటుంది, కాళ్ళకు నిజమైన రెస్ట్ దొరుకుతుంది. అదే రోజున లాంగ్ జంప్ సాధన ఉంటే దాన్ని పరుగు కన్నా ముందు, వార్మప్ అవగానే చెయ్యాలి. అలిసిన కాళ్ళతో దూకితే దూరం రాదు, మడమలూ మోకాళ్ళూ దెబ్బతింటాయి.

టైప్ 1 షుగర్ ఉండి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు ఇందులో ఇంకో కోణం ఉంది. బరువులు ముందు చేసి, తర్వాత కార్డియో చేస్తే వర్కవుట్ మధ్యలో షుగర్ పడిపోవడం తగ్గుతుందని 2012లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. డోసు, తిండి విషయం మీ డాక్టరుతో మాట్లాడి వరుస ఇలా పెట్టుకోవచ్చు. జేబులో గ్లూకోజో, చాక్లెట్టో మాత్రం ఎప్పుడూ ఉండాలి.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో 40 డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డు జిమ్‌లలో సాయంత్రం ఏడుకు కూడా ఇనుము వేడిగానే ఉంటుంది. అప్పుడు అలసట ఇంకా తొందరగా వస్తుంది, అంటే మొదట ఏది పెట్టామన్నది ఇంకా ముఖ్యమవుతుంది. మొదటి రెండు పెద్ద ఎక్సర్‌సైజులు బాగా చేసి, మూడోదాన్ని తేలిక చేసి, మిగతావి వదిలెయ్యండి. వీలైతే పొద్దున అయిదున్నర బ్యాచ్‌కు మారండి. రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్ళు కూడా ఇదే పద్ధతి పాటించొచ్చు, ఇఫ్తార్ తర్వాత కాసేపు ఆగి.

వారంలో ఏ రోజు ఏది

ఒక రోజు లోపలి వరుస ఎంత ముఖ్యమో వారం వరుస కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి కనీసం రెండు రోజులు ముఖ్యమైన కండలన్నిటికీ పని చెప్పాలి. ఒకే కండకు మళ్ళీ భారీ పని ఇచ్చేలోపు దాదాపు 48 గంటల గ్యాప్ ఉంటే బాగుంటుంది. ఈ లెక్కన మూడు రోజులే రాగలిగేవాళ్ళు సోమ, బుధ, శుక్రవారాల్లో ఒళ్ళంతా చేసుకోవడం మంచిది. నాలుగు రోజులు రాగలిగితే పైభాగం, కింది భాగం రెండేసిసార్లు. ఆరు రోజులు నిజంగా వచ్చేవాళ్ళకే తోసేవి, లాగేవి, కాళ్ళు అనే పద్ధతి. సోమవారం చెస్ట్, మంగళవారం బ్యాక్ అంటూ ఒక్కో రోజు ఒక్కో కండ చేసే పాత పద్ధతిలో ఒక రోజు ఎగ్గొడితే ఆ కండకు మళ్ళీ వారం దాకా మోక్షం లేదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో, ఊరికి పోయే వారాల్లో అది తరచూ జరుగుతుంది.

ఎగ్గొట్టేది ఎక్కువగా శనివారమే. చాలా మంది ప్లాన్‌లో శనివారం ఏముంటుంది? కాళ్ళు. ఆదివారం జిమ్‌కు సెలవు. అట్లా నెలకు రెండుసార్లు కాళ్ళు ఎగిరిపోతాయి. సోమవారం ఊళ్ళో జిమ్‌లన్నిటిలో అందరూ బెంచ్ చుట్టూ ఉంటారు, స్క్వాట్ ర్యాక్ (స్క్వాట్‌కు రాడ్ ఆనించే స్టాండు) మీద ఎవరిదో టవల్ తప్ప ఏమీ ఉండదు. కాళ్ళను సోమవారానికి తీసుకురండి, చెస్ట్‌ను మంగళవారానికో, బుధవారానికో జరపండి. ఆదివారం రెస్ట్ తీసుకున్న కాళ్ళు, ఖాళీ ర్యాక్, రెండూ దొరుకుతాయి. ఈ మొత్తంలో మీరు ఒక్కటే మార్చగలిగితే ఇది మార్చండి.

పక్కపక్క రోజుల్లో పెట్టకూడనివి రెండు. ఈ రోజు భారీ బెంచ్, రేపు భారీ షోల్డర్ ప్రెస్. భుజం ముందు భాగానికి, ట్రైసెప్స్‌కు తేరుకునే టైమే ఉండదు. ఈ రోజు డెడ్‌లిఫ్ట్, రేపు స్క్వాట్. నడుముకు రెండు రోజులు వరసగా పని పడుతుంది. డెడ్‌లిఫ్ట్‌ను బ్యాక్ రోజులో చేసేవాళ్ళు ఆ మరుసటి రోజు కాళ్ళు పెట్టకుండా చూసుకోండి, లేదా డెడ్‌లిఫ్ట్‌నే కాళ్ళ రోజుకు మార్చి స్క్వాట్ తర్వాత తేలిక బరువుతో చెయ్యండి.

ఎంచుకున్న వరుస పనిచేస్తోందో లేదో తెలియాలంటే నోటుబుక్కులో రాసుకోవాలి. ఫోన్‌లోనైనా ఫరవాలేదు. ఏ ఎక్సర్‌సైజు ఎన్నో నంబరుగా చేశారో, ఎంత బరువు, ఎన్ని రెప్స్, అంతే. ర్యాక్ ఖాళీ లేక వరుస మారిన రోజు ఆ మాట కూడా పక్కన రాయండి. లేకపోతే వచ్చే వారం ఆ పేజీ చూసి బలం తగ్గిందేమోనని టెన్షన్ పడతారు, నిజానికి ఆ రోజు స్క్వాట్ మూడో నంబరుగా చేసి ఉంటారు. ఖాళీ కోసం పది నిమిషాలకు మించి ఎదురుచూడొద్దు. అదే కండకు వేరే పెద్ద ఎక్సర్‌సైజ్ ఉంటే దానికి పోండి, ర్యాక్ బదులు లెగ్ ప్రెస్, బెంచ్ బదులు డంబెల్ ప్రెస్. ముందు కర్ల్స్ కొట్టుకుంటూ కాలక్షేపం చెయ్యకండి.

ఎనిమిది వారాలకొకసారి మొదటి స్థానాన్ని మార్చి చూడండి. ఇంతకాలం బెంచ్‌తో మొదలుపెట్టినవాళ్ళు కొన్ని వారాలు రోయింగ్‌తో మొదలుపెట్టి బెంచ్‌ను రెండో స్థానానికి జరపండి. బెంచ్‌లో రెండున్నర కిలోలో, అయిదు కిలోలో తగ్గొచ్చు. తగ్గనివ్వండి. ఆ ఎనిమిది వారాల్లో రోయింగ్ ఎంత పెరిగిందో నోటుబుక్కులో చూసుకుని, తర్వాత బెంచ్‌ను మళ్ళీ ముందుకు తేవాలా, రోయింగ్‌నే ఇంకో విడత ఉంచాలా అన్నది నిర్ణయించుకోండి.